కుడికాలి బూటు

పోయినవారం పెద్దకోడల్ని కొట్టు గుమ్మంలో చేతికర్రతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. అటక మీది తోలు చుట్టలు దించబోయి నిచ్చెన మీంచి పడి, ఎడమకాలు చీలమండ దగ్గర విరగ్గొట్టుకుని, ఆరునెలలపాటు అన్నగారింట్లో మంచాన పడి ఉన్న మనిషి. కట్టు విప్పారు. కర్ర ఊతంతో అడుగులు పడుతున్నాయి. ఇవాళ టోకు వ్యాపారి చలికాలం సరుకు చూసుకోవడానికి వస్తున్నాడని చెవిన పడగానే, ఎవరూ కబురు పెట్టకపోయినా బయల్దేరి వచ్చేసింది. వచ్చి గుమ్మంలో కాలు పెట్టిందో లేదో, తోడికోడలు నవ్వుమొహంతో ఎదురొచ్చింది.

"రండక్కా, కూర్చోండి. మీకు నచ్చిన జత ఏదో ఏరుకోండి. మా కానుక అనుకోండి."

ఇంటిమనిషిని పట్టుకుని ఏరుకోమనడం ఏమిటి, కానుక ఏమిటి? బేరానికి వచ్చినవాళ్లను ఏరుకోమంటారు. వెళ్లిపోయేవాళ్లకు కానుకలిస్తారు. ఈ రెంటిలో తనను ఏ లెక్కన కట్టారో పెద్దకోడలికి ఆ నవ్వుమొహం చూస్తే అంతుపట్టలేదు.

ఈ ఇంటి పద్ధతి తెలియనివాళ్లకు ఆవిడ బాధ తెలియదు. బూటు కుట్టాలంటే ముందు కొయ్యతో పాదం చెక్కాలి. దాన్ని అచ్చు అంటారు. తోలును ఆ అచ్చు మీద లాగి, మేకులు కొట్టి, ఆరనిచ్చి, కింద సోలు కుడతారు. అచ్చు ఎవరి కాలైతే బూటు వాళ్ల కొలతే. మామగారి రోజుల్లోనూ, అంతకు ముందు ఆయన తండ్రి రోజుల్లోనూ, ఆడవాళ్ల బూట్లకు నడిమి సైజు అచ్చు ఇంటి పెద్దకోడలి పాదం చూసి చెక్కేవారు. మిగతా సైజులన్నీ దాన్నిబట్టి పెంచడం, తగ్గించడమే. ఈవిడ పెళ్లయి వచ్చిన కొత్తలో మామగారు కాగితం మీద నిలబెట్టి, వంగి, పెన్సిలుతో రెండు పాదాల చుట్టూ గీత గీశారు. అంత పెద్దమనిషి తన కాళ్ల దగ్గర వంగేసరికి కొత్తకోడలు సిగ్గుతో చచ్చిపోయింది. "కదలకమ్మా. నువ్విప్పుడు కదిలితే రేపు కొన్నవాళ్లంతా కుంటుతారు," అన్నారాయన. అచ్చులు పూర్తయ్యాక రెంటికీ మడమలో చిన్న ఇత్తడి మేకు దిగ్గొట్టారు, ఇది పెద్దకోడలి కాలు అని గుర్తుగా.

అంతటితో అయిపోలేదు. ప్రతి విడతలోనూ ఒక జత ఆవిడ తొడుక్కుని, వెనక వాకిలి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడవాలి. ఆవిడ బాగుందంటేనే సరుకు బండెక్కేది. వద్దంటే మామగారైనా మారుమాట్లాడేవారు కాదు. వంటింట్లో ఆవిడ మాట చెల్లిందా లేదా అన్నది వేరే సంగతి. ఆ వాకిట్లో మాత్రం చెల్లింది. ఇవాళ ఆవిడ వచ్చింది ఆ నడక కోసమే. అది కాస్తా పోతే ఈ ఇంట్లో తనకు మిగిలేది తిండీ, పడకా మాత్రమేనని ఆవిడకు బాగా తెలుసు.

వెనకగదిలో సుత్తి చప్పుడు వినబడుతోంది. అది మొగుడి సుత్తి. ఈవిడ గొంతు విని ఒక్కసారి ఆగింది. ఆగి మళ్లీ మొదలైంది. ఆరునెలల తర్వాత వచ్చిన పెళ్లాన్ని చూడ్డానికి గది దాటి రాలేని మనిషికి పని మీద అంత శ్రద్ధేమిటో మరి.

"బావగారిని పిలవనా అక్కా?" అంది చిన్నకోడలు.

"వద్దులే. వినబడే ఉంటుంది."

మరిది బల్ల దగ్గరనుంచి లేచి వచ్చాడు. మామగారు పోయాక ఈ కొట్టు తరఫున మాట్లాడేది అతనే. పెద్దవాడికి చెయ్యి ఉంది గానీ నోరు లేదు. చిన్నవాడికి ఆ రెండోదాంట్లో ఏ లోటూ లేదు.

"వదినా, మీరు రావడం ఎంత సంతోషంగా ఉందో. నాలుగురోజులు ముందు చెబితే మేమే వచ్చి తీసుకొచ్చేవాళ్లం కదా."

"ముందు చెబితే రావద్దనేవాళ్లేమో అని చెప్పలేదు," అంది పెద్దకోడలు, కర్ర గోడకు ఆనించి. తను మామూలుగా కూర్చునే పీట వెనక గుమ్మం పక్కన ఉండాలి. దాని మీద అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. చేసేది లేక బేరానికి వచ్చినవాళ్లు కూర్చునే మెత్తటి బల్ల మీదే కూర్చుంది.

చిన్నకోడలు చకచకా జతలు తెచ్చి ముందర పెట్టింది. మొదటిది మూతి కోసుగా ఉంది. రెండోదానికి పక్కన జిప్పు. పెద్దకోడలు జిప్పుదాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

"జిప్పు చెడితే జత మొత్తం మూలపడుతుంది. లేసు తెగితే ఇంకో లేసు కొనుక్కుంటారు. ఇది మనం ఎప్పటినుంచి చేస్తున్నాం?"

"ఇప్పుడంతా ఇవే అడుగుతున్నారు వదినా."

మూడోదాన్ని తిరగేసింది. సోలుకూ పైతోలుకూ మధ్య గోరు పెట్టి లాగింది. కుట్టు కాదు, జిగురు. తలెత్తి మరిది వంక చూసింది. అతను వీధిలోకి చూస్తున్నాడు.

"ఇవన్నీ తీసెయ్యమ్మా. మన ఇంటి బూటు పట్రా," అంది.

చిన్నకోడలు ఒక్క క్షణం తటపటాయించి, పై అరలోంచి ఇంకో జత తెచ్చింది. ముదురు గోధుమరంగు తోలు. చీలమండ పైదాకా వచ్చే పొడవు. ఏ అలంకారమూ లేదు, ముందు లేసులు, వెనక ఒక కుట్టు, అంతే. చూసినవాళ్లు ఇందులో ఏముంది అనుకుంటారు. వేసుకున్నవాళ్లు ఏళ్ల తరబడి విడవరు. మామగారు గీసిన తీరు అది, ఈ ఇంటికి అన్నం పెట్టిన తీరు.

పెద్దకోడలి మొహంలో మొదటిసారి కాస్త వెలుగు కనబడింది. బొటనవేలితో పైతోలు నొక్కింది. సన్నటి ముడత లేచి, వేలు తియ్యగానే సర్దుకుంది. మంచి తోలే. మడమ దగ్గర పిండి చూసింది, గట్టిగా ఉంది. బూటును మధ్యకు వంచింది. వేళ్ల దగ్గర వంగింది గానీ నడుము దగ్గర వంగలేదు. లోపలికి చెయ్యి పెట్టి చివరిదాకా తడిమింది, మేకు మొన ఎక్కడైనా తగులుతుందేమోనని. తగల్లేదు. సోలు కుట్టు చూసింది. దగ్గర దగ్గరగా, ఒకే బిగువుతో ఉన్న ఆ కుట్టు ఎవరిదో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎంత కోపంగా ఉన్నా కుట్టు చూస్తే మనసు మెత్తబడింది. నోరులేని మనిషి, ఉన్నదంతా ఇందులోనే పెడతాడు.

"ఇదే కావాలి నాకు. నడిమి సైజేగా?"

"ఆ... నడిమిదే అక్కా. ముందు ఈ ఎడమది చూసుకోండి," అంది చిన్నకోడలు, ఎడమ బూటు లేసులు వదులు చేస్తూ.

కాలు సగందాకా వెళ్లి ఆగింది. ఇంకొంచెం తోసింది. వేళ్ల పక్కన పట్టుకార్లు వేసినట్టు పట్టేసింది. నొప్పి మోకాలిదాకా పాకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తియ్యండి వదినా, తియ్యండి," అన్నాడు మరిది కంగారుగా. "విరిగిన కాలు కదా. వాచి ఉంటుంది. ఎముక అతుక్కున్నా ఇదివరకటి కొలత ఎలా వస్తుంది? దానికి మీరేం చేస్తారు, మేమేం చేస్తాం?"

"అవునక్కా. కాలు మారిపోయి ఉంటుంది," అంది చిన్నకోడలు. అంటూనే బల్ల కిందనుంచి ఒక పెట్టె తీసింది. అందులో వెడల్పాటి నల్లటి మెత్తని జోళ్లు. ముసలివాళ్లకూ రోగిష్టివాళ్లకూ అమ్మేవి. పెట్టె ముందే తీసి సిద్ధంగా పెట్టుకున్నారు.

పెద్దకోడలు ఆ జోళ్లకేసి చూస్తూ కూర్చుండిపోయింది. వాళ్లనేది నిజమే అనిపించింది. కాలు మోసం చేసిందనుకుంది. ఏ పాదాన్ని చూసి ఇన్ని జతలు కుట్టారో ఆ పాదం తన బూటులోనే పట్టకుండా పోయింది. ఇక వాకిట్లో ఎలా నడుస్తుంది? ఏ మొహంతో బాగుంది, బాగాలేదు అని చెబుతుంది? అన్నగారింట్లో మంచం మీద అన్ని రాత్రులు ఈ నడకనే తలుచుకుని పళ్లబిగువున కాలు కదిపింది. అంతా వృథా అయిపోయినట్టే. తనమీద తనకే అసహ్యం వేసింది.

"సరేలే. ఆ నల్లవే ఇవ్వు," అంది.

మరిది గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి కాస్త నెమ్మదిగా పీల్చుకుని ఉంటే ఈ వారం కథ ఇక్కడే ఆగిపోయేది. పెద్దకోడలు అది విన్నది. విని, కుడి బూటు కేసి చెయ్యి చాపింది.

"అదెందుకక్కా మళ్లీ," అంది చిన్నకోడలు.

"ఊరికే. ఒక్క కాలికైనా వేసుకుని చూసుకుంటాను. ఎన్నాళ్లయిందో."

ఎవరైనా ఆపేలోగా కుడికాలు దూర్చింది. మడమ దిగింది. లేసు బిగించి లేచి నిలబడింది. చిటికెనవేలి పక్కన, ఇందాక ఎడమకాలికి ఎక్కడ పట్టిందో సరిగ్గా అక్కడే, కుడికాలికీ పట్టింది. పాదం మధ్యలో కూడా బిగుసుకుంది. ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కాయి.

పెద్దకోడలు వంగి తన పాదం వంక చూసుకుంది.

"విరిగింది ఎడమకాలు," అంది నెమ్మదిగా. "మరి కుడికాలికేమైంది మరిదిగారూ?"

మరిది నీళ్లు నమిలాడు. "తోలు కొత్తది కదా వదినా... నాలుగురోజులు వేస్తే సాగుతుంది."

"ఇన్నేళ్లూ కొత్తవే వేసుకున్నాను నేను. పాతవి వేసుకున్నదెప్పుడు?"

పెద్దకోడలు వెనకగది వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఏమండీ. నా అచ్చులు ఒకసారి పట్రండి."

సుత్తి ఆగింది. ఈసారి మళ్లీ మొదలవలేదు. కాసేపటికి ఆవిడ మొగుడు, ఆ ఇంటి పెద్దాయన, గుమ్మంలోకి వచ్చాడు. తోలు ఏప్రను, వేళ్ల మీద నల్లమైనం. మనిషి చిక్కాడు. రెండు చేతుల్లో రెండు అచ్చులు పట్టుకుని, ఎలా ఉన్నావని అడగబోయి, అడక్కుండానే ఆగిపోయాడు.

ఆవిడ అచ్చులు అందుకుని ఒళ్లో పెట్టుకుంది. పాత కొయ్య చేతుల చెమటకూ మైనానికీ నల్లబడి ఉండాలి. పైన నల్లగానే ఉంది. పక్కలు మాత్రం తెల్లగా, పచ్చికొయ్య రంగులో బయటపడి ఉన్నాయి. చిటికెనవేలి ఉబ్బు ఉండాల్సిన చోట సాపుగా ఉంది. పాదం నడుము సన్నబడింది. తిరగేసి మడమ చూసింది. మామగారు కొట్టిన ఇత్తడి మేకు అలాగే మెరుస్తోంది.

కొత్త అచ్చు చెక్కుకున్నా ఆవిడ ఇంత బాధపడేది కాదేమో. వేరే అచ్చు పక్కన తనదీ ఒకటి అలమరలో ఉండేది. వీళ్లు తన కాలినే చెక్కేశారు.

"ఎవరికి సరిపోతుందిది?" అని అడిగింది. అడుగుతూనే చిన్నకోడలి పాదాల వైపు చూసింది. సన్నగా, పొందికగా ఉన్న ఆ పాదాలు బల్ల వెనక్కి జరిగాయి.

"నేను అడగలేదక్కా," అంది ఆ పిల్ల. నవ్వుమొహం ఎక్కడికో పోయింది. "నన్ను కాగితం మీద నిలబెట్టారు, నిలబడ్డాను."

"నీ తప్పేముందమ్మా. నన్నూ అలాగే నిలబెట్టారు."

మరిది ముందుకొచ్చాడు. "చూడండి వదినా, దాపరికం దేనికి. సరుకు ఆగకూడదు. ఎవరో ఒకరు నడవాలి. కొత్త కొయ్య ఆరాలంటే ఏడాది పడుతుంది. ఉన్నదాన్ని కాస్త సన్నం చేశాం. పైగా ఇప్పుడు అందరూ సన్నటివే..."

"నిన్నడగలేదు," అంది ఆవిడ. కళ్లు మొగుడి మీదనుంచి తియ్యలేదు. "ఆకురాయి పట్టింది ఎవరు?"

"నేనే," అన్నాడు పెద్దాయన.

"మీరే."

"డాక్టరు చెప్పాడు, నువ్వు ఇదివరకటిలా నడవలేవని. తమ్ముడు బయట మిషను మీద కోయించేస్తానన్నాడు. నాకు మనసొప్పలేదు. నీ అచ్చు పరాయివాళ్ల చేతిలో పెట్టబుద్ధి కాలేదు. అందుకని నేనే..."

"అంత ప్రేమన్నమాట."

"అది కాదు..."

"నేను నడవలేనని డాక్టరు మీకు చెప్పాడు. మీరు మా అన్నయ్యకు చెప్పారా? నాకు చెప్పారా? నేనక్కడ గోడ పట్టుకుని అడుగులు నేర్చుకుంటున్నాను. మీరిక్కడ కూర్చుని నా చిటికెనవేలు అరగదీస్తున్నారు. నెలకోసారి వచ్చి, త్వరగా కోలుకో, సరుకు నీకోసం ఎదురుచూస్తోందని చెప్పి వెళ్లేవారు. చెప్పేటప్పుడు నవ్వు రాలేదా మీకు?"

"నీ మనసు కష్టపెట్టడం ఎందుకని," అన్నాడు ఆయన. ఆ మాట తన చెవులకే ఎంత పేలవంగా వినబడిందో ఏమో, తల దించుకున్నాడు. "తోలుముక్కలు అంటించి మళ్లీ పెంచొచ్చు. నీ కొలతకు తెస్తాను. నాకు గుర్తుంది."

"అతుకులేసిన కాలు ఒకటి ఉంది నాకు. ఇంకోటి అక్కర్లేదు."

ఇలాంటి మొగుళ్లను ఏమనాలో నాకు ఎప్పుడూ తెలియదు. కొట్టరు, తిట్టరు, పరాయి ఆడదాని వంక చూడరు. ఎవరేది చెయ్యమంటే అది చేసి, పైగా చక్కగా చేసి, కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఆ చెక్కుడులో ఒక్క గీత కూడా వంకర లేదు. కాస్త చెయ్యి వణికిన గుర్తేదైనా కనబడితే క్షమిద్దామని పెద్దకోడలు అచ్చు రెండు వైపులా తడిమి చూసింది. ఎక్కడా కనబడలేదు.

అప్పుడే వీధిలో బండి ఆగింది. మరిది మొహం పాలిపోయింది.

"వదినా, ఆయన వచ్చేశాడు," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంటి సంగతులు తర్వాత మాట్లాడుకుందాం. మీ కాళ్లు పట్టుకుంటాను. ఆయన అడిగితే నడిచానని ఒక్కమాట చెప్పండి. చలికాలం సరుకంతా కుట్టేసి ఉంది. ఆయన వద్దంటే కొట్టు మూసుకోవాల్సిందే. ఈ ఇల్లు మీది కాదా?"

"ఇందాక కానుక ఇచ్చి పంపించబోయారుగా. ఇంతలోనే మళ్లీ నాదైందా ఇల్లు?"

టోకు వ్యాపారి లోపలికి వచ్చాడు. జుట్టు నెరిసిన మనిషి, మామగారి కాలంనుంచీ ఈ ఇంటి సరుకే తీసుకెళుతున్నవాడు. మరిది వేసిన కుర్చీ వంక చూడకుండా నేరుగా పెద్దకోడలి దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు.

"లేచి తిరుగుతున్నారా అమ్మగారూ. చాలా సంతోషం. పోయిన విడత వేళ్ల దగ్గర పట్టేస్తోందని ఒకరిద్దరు కొట్లవాళ్లు వాపసు ఇచ్చారు. అమ్మగారు మంచాన ఉన్నారు, ఎవరు చూస్తారులే అని నేనే సర్దుకున్నాను. ఈసారి మీరున్నారు, నాకు బెంగలేదు." బల్ల మీది బూటు వేలితో చూపించాడు. "వీటిలో నడిచారా?"

"నడిచారండీ," అన్నాడు మరిది. "ఇప్పుడే, మీరు వచ్చేముందే. కాలికి చూడండి, ఇంకా విప్పలేదు."

వ్యాపారి ఆవిడ కుడికాలి బూటు చూసి తృప్తిగా తల ఊపాడు. అయినా ఆవిడ నోటినుంచి వినడానికి అలాగే నిలబడ్డాడు. చిన్నకోడలు చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది. గుమ్మంలో పెద్దాయన కళ్లు పెళ్లాన్ని బతిమాలుతున్నాయి. ఆ కళ్లు ఇన్నేళ్లలో ఆవిణ్ణి ఏదీ అడగలేదు. అడగడం ఇదే మొదలు.

ఒక్కమాట చాలు. నడిచానంటే ఇల్లు నిలబడుతుంది, తను నల్లజోళ్లతో వంటింటి గడప దగ్గర కూర్చుంటుంది. నడవలేదంటే అందరూ కలిసి వీధిన పడతారు, ఆ పాపం కూడా తనదే అంటారు. తప్పు చేసింది వాళ్లు. తేల్చుకోమని తన ముందు పెట్టారు.

పెద్దకోడలు అచ్చులు ఒళ్లోంచి తీసి బల్ల మీద పెట్టింది, ఇత్తడి మేకులు వ్యాపారికి కనబడేలా.

"ఒక కాలితో నడిస్తే నడక కాదు కదండీ," అంది. "మీరు కూర్చోండి. మీ ఎదురుగానే నడుస్తాను. మీ కళ్లతో చూసి మీరే చెప్పండి."

"వదినా..." అన్నాడు మరిది.

ఆవిడ వినిపించుకోలేదు. కట్టు గుర్తులు ఇంకా మానని ఎడమకాలు ముందుకు చాపి, గుమ్మంలో నిలబడ్డ మనిషిని పిలిచింది.

"ఏమండీ. నేను వంగలేను. ఎడమది మీరు తొడగండి."

పెద్దాయన కదల్లేదు. వ్యాపారి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, ఆయన వైపు చూశాడు. పెద్దాయన ఇక తప్పదన్నట్టు వచ్చి, పెళ్లాం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. బూటు లేసులు చివరిదాకా వదులు చేశాడు. ఆవిడ పాదం అరచేతిలోకి తీసుకున్నాడు. ఆ కాలు ఇందులో పట్టదని ఆ కొట్లో అందరికంటే బాగా తెలిసింది ఆయనకే. బూటు వేళ్లు దాటి, సగంలో ఆగింది. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి.

"ఊఁ, తొయ్యండి," అంది పెద్దకోడలు. "నేను అరవను."